పాటకి బహుమతి సరే, వాటా ఏది?

2021 సెప్టెంబర్ 2న "భీమ్లా నాయక్" టైటిల్ సాంగ్ రిలీజైంది. మనలో చాలామంది అప్పుడు ఆన్‌లైన్ క్లాసుల్లో మ్యూట్‌లో కూర్చుని ఇంకో ట్యాబ్‌లో ఆ పాటే వింటున్నాం. అది ఒక పెద్దాయన గొంతుతో మొదలవుతుంది. ఆయన దర్శనం మొగిలయ్య. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు, వాళ్ళలో ఆయన ఒకరు. పండుగ సాయన్న, మియాసాబ్ కథలు ఊరూరా తిరిగి పాడిన కుటుంబం.

ఆ పాట తర్వాత ఆయనకి ఏమేం వచ్చాయో ఒకసారి చూడండి. పవన్ కల్యాణ్ 2 లక్షల రూపాయలు ఇచ్చారు. ఆర్టీసీ బస్సు మీద ఒక పాట పాడితే ఆర్టీసీ వాళ్ళు ఉచిత బస్ పాస్ ఇచ్చారు. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ఇస్తామని చెప్పింది. బాగుంది కదా! కానీ 2024 మేలో ఇంకో వీడియో వచ్చింది. హైదరాబాద్ పక్కన తుర్కయంజాల్‌లో, కట్టే బిల్డింగ్ దగ్గర, ఆయన కూలి పని చేస్తున్నారు. వచ్చిన డబ్బు కుటుంబ అవసరాలకి అయిపోయిందని, నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పారు.

ఆ వీడియో కింద కామెంట్లు రెండే రకాలు. "సినిమావాళ్ళు మోసం చేశారు", "గవర్నమెంట్ పట్టించుకోలేదు". నాకు మాత్రం వేరే డౌట్ వచ్చింది. పైన చెప్పిన లిస్ట్ మళ్ళీ చదవండి. 2 లక్షలు, పాస్, పద్మశ్రీ, కోటి, స్థలం. అన్నీ ఎవరో ఒకరు మనసు పడి ఇచ్చినవే. ఆ పాట ఈ రోజు కూడా ప్లే అవుతోంది. ప్లే అయిన ప్రతిసారీ ఇంత అని, ఎవరినీ అడగకుండా, ఆయన అకౌంట్లో పడే ఐటెమ్ ఆ లిస్ట్‌లో ఒక్కటి కూడా లేదు. అంటే ఆయనకి దొరికినవన్నీ బహుమతులు. వాటా ఎక్కడా కనపడలేదు.

మరి ప్లే బటన్ నొక్కితే ఆ డబ్బు ఎటు పోతుంది? మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం కాబట్టి, ఫ్లో చార్ట్ గీసినట్టు ఒక్కో స్టెప్ చూద్దాం.

ఒక పాట, రెండు ఆస్తులు

మనకి పాట అంటే ఒకటే. కాపీరైట్ చట్టం దృష్టిలో మాత్రం ఒకే పాటలో కనీసం రెండు వేర్వేరు ఆస్తులు ఉంటాయి. మొదటిది రచన: రాసిన సాహిత్యం, కట్టిన బాణీ. రెండోది రికార్డింగ్: స్టూడియోలో తయారైన ఫైల్. దీన్నే ఇండస్ట్రీలో "మాస్టర్" అంటారు. రచనకి ఓనర్ ఒకరు, మాస్టర్‌కి ఓనర్ ఇంకొకరు ఉండొచ్చు. సినిమా పాటల్లో మాస్టర్ మొదట నిర్మాతది, అక్కడి నుంచి ఆడియో కంపెనీకి వెళ్తుంది.

ఇందులో పాడినవాళ్ళు ఎక్కడున్నారు? గొంతు వాళ్ళదే, కానీ పై రెండు ఆస్తుల్లో ఏదీ మామూలుగా వాళ్ళది కాదు. ఇది ఎంత దూరం పోతుందంటే, 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో ప్రోగ్రాములు చేస్తున్నప్పుడు ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీస్ వచ్చింది. తన పాటలు తన అనుమతి లేకుండా స్టేజీ మీద పాడొద్దని. ఆ పాటలు మొదట పాడింది బాలు గారే! మన ఇళ్ళల్లో అందరూ షాక్ అయ్యారు. ఇద్దరూ ప్రాణ స్నేహితులు, తర్వాత కలిసిపోయారు కూడా. ఎవరు రైట్ అనేది పక్కన పెడితే, "నేను పాడాను కాబట్టి నా పాట" అనే మాట చట్టంలో నడవదని ఆ గొడవతో అందరికీ తెలిసింది.

హాస్టల్ లెక్క

ఇప్పుడు స్ట్రీమింగ్ లెక్కకి వద్దాం. "ఒక్క ప్లేకి ఎంత ఇస్తారు?" అని అందరూ అడుగుతారు. నిజానికి మెయిన్ సబ్‌స్క్రిప్షన్ యాప్స్‌లో ఒక్కో ప్లేకి ఫిక్స్‌డ్ రేటు ఉండదు. డబ్బంతా ఒక కుండలో వేసి పంచుతారు. చిన్న ఉదాహరణ వేసుకుందాం. అంకెలు నేను లెక్క ఈజీగా ఉండటానికి పెట్టినవి.

హాస్టల్లో 10 మంది ఉన్నారు. ఒక్కొక్కరు నెలకి 100 రూపాయలు కట్టారు. మొత్తం 1000. యాప్ తన ఖర్చులకి 300 ఉంచుకుంది. మిగిలిన 700 కుండలో పడింది. (నిజంగా కూడా పెద్ద యాప్స్ ఆదాయంలో దాదాపు మూడింట రెండు వంతులు హక్కుదారులకి ఇస్తామనే చెప్తాయి.) తొమ్మిది మంది రాత్రీ పగలూ సినిమా హిట్సే విన్నారు, ఒక్కొక్కరు 1100 సార్లు. అంటే 9900 ప్లేలు. పదో వాడివి నువ్వు. నువ్వు నెలంతా కిన్నెర పాటలే విన్నావు, 100 సార్లు. మొత్తం 10,000 ప్లేలు. 700 రూపాయల్ని 10,000తో భాగిస్తే ప్లేకి 7 పైసలు. కిన్నెరకి వచ్చింది 7 రూపాయలు.

ఇక్కడ ఆగి చూడండి. నువ్వు ఒక్క సినిమా పాట కూడా వినలేదు. నీ 100లో యాప్ వాటా పోతే 70 మిగలాలి. అందులో 63 రూపాయలు నువ్వు వినని పాటలకి వెళ్ళిపోయాయి. ఎవడూ దొంగతనం చేయలేదు. ఫార్ములానే అట్లా ఉంది. దీన్ని ప్రో-రేటా పద్ధతి అంటారు. నీ డబ్బు నువ్వు విన్నవాళ్ళకే పోవాలి అనే ఇంకో పద్ధతి కూడా ఉంది. 2021లో సౌండ్‌క్లౌడ్ చిన్న ఆర్టిస్టుల కోసం అది మొదలుపెట్టింది. కోడ్ పరంగా ఇది పెద్ద కష్టమేం కాదు. టోటల్ మీద గ్రూప్ చేసే బదులు యూజర్ వారీగా గ్రూప్ చేయాలి, అంతే. మన సెకండ్ ఇయర్ ల్యాబ్ ఎగ్జామ్‌లో ఇంతకంటే పెద్ద క్వెరీలు రాశాం. మార్చాలా వద్దా అనేది పెద్ద లేబుల్స్, యాప్స్ కూర్చుని మాట్లాడుకునే విషయం.

దీనికి తోడు మన దగ్గర కుండే చిన్నది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో ఇండియాకి వచ్చినప్పుడు నెల ప్లాన్ 119 రూపాయలు. అదే ప్లాన్ అప్పుడు అమెరికాలో 9.99 డాలర్లు, అంటే మన 119కి దాదాపు ఆరు రెట్లు. ఆ 119 కూడా కట్టేదెవరు? మా ఫ్లోర్‌లో అడిగి చూశాను, ఎక్కువమంది యాడ్స్ భరిస్తూ ఫ్రీగా వినేవాళ్ళే. ఫ్రీ మీద బతకడం యాప్స్‌కే కష్టమైంది. గానా 2022లో డబ్బు కడితేనే అన్నది, వింక్ 2024లో మూతపడింది. ఇంకో రూల్ కూడా ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్‌కి గడిచిన 12 నెలల్లో 1000 స్ట్రీమ్స్ దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ అసలు లెక్కలోకే రాదు. ఊళ్ళో ఒగ్గు కథ చెప్పే ఒక తాత రికార్డింగ్‌ని మనవడు అప్‌లోడ్ చేసి, సంవత్సరంలో 900 మంది విన్నారనుకోండి. ఆ 900కి విలువ సున్నా.

చట్టం ఏమంటుంది

స్ట్రీమింగ్ రాకముందే మన దగ్గర ఇంకో తాళం పడి ఉంది. 1977లో సుప్రీం కోర్టు ఒక కేసులో చెప్పింది ఏంటంటే, నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం పాట రాయించుకుంటే, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, ఆ హక్కుకి మొదటి ఓనర్ నిర్మాతే. ఆ కేసులో రచయితలు, సంగీత దర్శకుల తరఫున ఉన్నది ఐపీఆర్ఎస్, 1969లో మొదలైన రాయల్టీ సంఘం. వాళ్ళు ఓడిపోయారు. ఆ తర్వాత 35 ఏళ్ళు ఇండస్ట్రీ నడిచింది "ప్యాకేజీ" మీదే. పాటకి ఇంత, తీసుకో, సంతకం పెట్టు, మర్చిపో.

2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చారు. కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో ఉండి దీని కోసం గట్టిగా కొట్లాడారు. మార్పు సారాంశం ఇదీ: సినిమా పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు హక్కులు అమ్మేసుకున్నా సరే, థియేటర్లో సినిమాతో పాటు ఆడటం కాకుండా ఇంకెక్కడ వాడినా రాయల్టీలో సమాన వాటా వాళ్ళకి రావాలి. ఆ వాటాని వదులుకుంటున్నాను అని సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదు. పాడేవాళ్ళకి, వాయించేవాళ్ళకి కూడా కమర్షియల్ వాడకంలో రాయల్టీ అడిగే హక్కు వచ్చింది. సింగర్స్ కోసం 2013లో ఇస్రా అనే సంఘం పెట్టారు, ఇప్పుడు దాని పేరు ఇసమ్రా. ఐపీఆర్ఎస్ 2017లో కొత్త చట్టం కింద మళ్ళీ రిజిస్టర్ అయ్యింది.

అంటే పేపర్ మీద తలుపు తెరిచే ఉంది. మరి అందరూ ఎందుకు లోపలికి పోలేకపోతున్నారు? మెంబర్ అయితేనే డబ్బు వస్తుంది. మెంబర్ అవ్వాలంటే పాట నీది అని రికార్డులో ఉండాలి. మన భాషలో చెప్పాలంటే, సిస్టమ్‌కి జాలి ఉండదు, అది టేబుల్ చూస్తుంది. "రచయిత" అనే కాలమ్‌లో నల్ ఉంటే పేమెంట్ కూడా నల్. ప్రతి రికార్డింగ్‌కి ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఉంటుంది, పాటకి ఆధార్ నంబర్ లాంటిది. ఆ కోడ్ ఎవరి పేరు మీద ఉంది, దాని పక్కన ఎవరెవరి పేర్లు రాశారు అన్నదాని మీదే డబ్బు నడుస్తుంది.

పేరు లేని పాటలు

ఈ కాలమ్ సమస్య అందరికంటే ఎక్కువ తగిలేది జానపదులకి. 2021లో "లవ్ స్టోరీ" సినిమా నుంచి "సారంగ దరియా" వచ్చింది. మంగ్లీ పాడింది. జానపద పల్లవి తీసుకుని చరణాలు రాసింది సుద్దాల అశోక్ తేజ. అప్పుడు కోమలి అనే గాయని ముందుకొచ్చి, ఈ పాటని "రేలా రే రేలా" టీవీ ప్రోగ్రాంలో ముందు వెలుగులోకి తెచ్చింది నేను అన్నది. పెద్ద గొడవైంది. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల పబ్లిక్‌గా స్పందించి ఆమెకి క్రెడిట్, డబ్బు ఇస్తామన్నారు. మంచి పనే. కానీ అది కూడా దర్శకుడి మంచితనం వల్ల జరిగింది. జానపదం అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు, దాన్ని మోసుకొచ్చిన మనిషికి చట్టంలో గట్టి కాలమ్ ఏదీ లేదు. అమ్మమ్మ నోట విని నేర్చుకున్న పాటకి సర్టిఫికెట్ ఎవరిస్తారు?

ఇది స్ట్రీమింగ్‌తోనే పుట్టిన జబ్బు అనుకోకండి. "బండెనక బండి కట్టి" ఎవరి పాట అని మన క్లాసులో అడిగితే అందరూ గద్దర్ అంటారు. "మా భూమి" సినిమాలో ఆయన పాడారు, అందుకే. రాసింది తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న బండి యాదగిరి. పాట బతికింది, పేరు వెనకబడింది.

అల్వాల్ నుంచి ఒక పాఠం

గద్దర్ పేరు వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. పాట ప్రభావం గురించి మాట్లాడుతూ మన పక్కింటి మనిషిని వదిలేస్తే బాగుండదు. శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ వైపు పోతే హకీంపేట, బొల్లారం దాటాక అల్వాల్ వస్తుంది. గద్దర్ ఉన్నది అక్కడే. అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, పుట్టింది తూప్రాన్‌లో. మనలాగే ఇంజినీరింగ్ చదువు కోసం హైదరాబాద్ వచ్చిన మనిషి. తర్వాత కెనరా బ్యాంక్ ఉద్యోగం, 1984లో దానికీ రాజీనామా. జన నాట్య మండలితో గోచీ, గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర.

ఆయన కాలంలో వ్యూ కౌంట్ లేదు. పాట పుస్తకాల మీద, క్యాసెట్ల మీద, ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోయింది. 1990లో నిజాం కాలేజీ గ్రౌండ్స్ సభకి లక్షకు పైగా జనం వచ్చారని పెద్దవాళ్ళు చెప్తారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక బుల్లెట్ వెన్నులో ఉండిపోయింది, చివరిదాకా. ఆయన రాజకీయాలతో మీరు ఒప్పుకోకపోవచ్చు, మా ఇంట్లోనే ఒప్పుకోరు. కానీ పాటకి ఉన్న బలాన్ని కొలవాలంటే ఇంతకంటే మీటర్ ఏం కావాలి?

ఇంకో సంగతి. "ఒరేయ్ రిక్షా" (1995) సినిమాలో ఆయన పాటకి ప్రభుత్వం నంది అవార్డు ఇస్తే తీసుకోలేదు. ఆ ప్రభుత్వాన్నే ప్రశ్నిస్తూ పాడుతున్నప్పుడు ఆ చేత్తోనే బహుమతి తీసుకోవడం ఆయనకి కుదరలేదు. ఆయన 2023 ఆగస్టు 6న పోయారు. మరుసటి రోజు అల్వాల్‌లో, తను పెట్టిన స్కూల్ ఆవరణలో, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులకి ఆయన పేరే పెట్టారు. నంది వద్దన్న మనిషి పేరు మీద ప్రభుత్వ అవార్డు! ఇది తప్పని నేననట్లేదు. చరిత్రకి ఇట్లాంటి మలుపులు ఇష్టం లాగుంది.

నాకు అర్థమైంది ఏంటంటే, డబ్బు ప్రశ్న, ప్రభావం ప్రశ్న రెండూ ఒకటే ప్రశ్న. పాటగాడికి తిండి ఎవరు పెడుతున్నారో వాళ్ళ గురించి పాడటం కష్టమవుతుంది. తెలంగాణ వచ్చాక ప్రభుత్వం సాంస్కృతిక సారథి అని పెట్టి సుమారు 550 మంది కళాకారులకి నెల జీతం ఇచ్చింది. ఉద్యమంలో ఊరూరా ధూంధాం ఆడిన పిల్లలకి మొదటిసారి ఒకటో తారీఖు అనేది వచ్చింది. ఆ ఇళ్ళల్లో ఆ జీతం విలువ ఎంతో మనం బయట నుంచి చెప్పలేం. కానీ వాళ్ళ డ్యూటీ ప్రభుత్వ పథకాల మీద పాడటం. ఉద్యమంలో ప్రశ్న అడిగిన గొంతు ఇప్పుడు అదే ఊళ్ళో సమాధానం చెప్పాలి. ఎలక్షన్ టైమ్‌లో పార్టీలు పాటలు రాయించుకోవడం కూడా ఇదే కథ. ఈ ఎలక్షన్‌కి ఒక పార్టీకి పాడిన గొంతు, వచ్చే ఎలక్షన్‌కి ఇంకో పార్టీకి పాడితే మనం "అమ్ముడుపోయాడు" అంటాం. మిగతా నాలుగేళ్ళు అతను ఏం తిన్నాడో అడగం.

వాటా గొప్పతనం ఇక్కడే ఉంది. బహుమతి ఇచ్చేవాళ్ళకి దండం పెట్టాలి. జీతం ఇచ్చేవాళ్ళ మాట వినాలి. వాటా వస్తే ఎవరికీ మొక్కే పని లేదు. పాట బాగుంది, జనం విన్నారు, డబ్బు పడింది, అయిపోయింది. తర్వాతి పాట ఎవరి మీదైనా రాసుకోవచ్చు.

యూట్యూబ్ మార్చిందా?

కొంత మార్చింది, నిజం ఒప్పుకోవాలి. యూట్యూబ్‌లో మామూలు వీడియోల యాడ్ డబ్బులో 55 శాతం చానల్ ఓనర్‌కి వస్తుంది. 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమ్ ఉంటే చాలు, యాడ్స్ పెట్టుకోవచ్చు. ఏ నిర్మాతా, ఏ ఆడియో కంపెనీ అక్కర్లేదు. తెలంగాణ ఫోక్ ఇండస్ట్రీ మొత్తం ఈ దారిలోనే లేచింది. 2021లో మోహన భోగరాజు పాడిన "బుల్లెట్టు బండి" ప్రైవేట్ సాంగే, లక్ష్మణ్ రాశాడు. ఒక పెళ్ళి కూతురు బరాత్‌లో ఆ పాటకి డాన్స్ చేసిన వీడియోతో రాష్ట్రమంతా ఊగిపోయింది. మన కొంపల్లి, మేడ్చల్ రోడ్డు ఫంక్షన్ హాళ్ళలో ఆ సీజన్‌లో ఆ పాట లేని పెళ్ళి లేదు. తర్వాత రాము రాథోడ్ "రాను బొంబాయికి రాను" కోట్ల వ్యూస్ కొట్టి, అతన్ని బిగ్ బాస్ దాకా తీసుకెళ్ళింది.

కానీ 55 శాతం వచ్చేది చానల్ ఓనర్‌కి. పాడినవాళ్ళు చానల్ ఓనర్ అయితే బాగుంటుంది. కాకపోతే పాత ప్యాకేజీ కథే. మా బ్యాచ్‌లో ఒక ఫ్రెండ్ ఉన్నాడు, సిద్దిపేట వైపు. శని ఆదివారాలు ఫోక్ చానల్స్‌కి పాడతాడు. రెండేళ్ళ కింద ఒక చానల్‌కి ఒకసారికి ఇంత అని మాట్లాడుకుని పాడాడు. పేపర్ ఏమీ లేదు. పాట బాగా పోయింది. డిస్క్రిప్షన్‌లో కెమెరా, డ్రోన్, మేకప్ అందరి పేర్లూ ఉన్నాయి, వీడి పేరు నెల తర్వాత అడిగితే పెట్టారు. "కోపం రాలేదారా?" అని అడిగాను.

"ఎందుకొస్తది? ఆ పాట చూసే కదా మూడు బతుకమ్మ ప్రోగ్రాములు వచ్చినయ్" అన్నాడు. "వ్యూస్ నాకు విజిటింగ్ కార్డ్ రా. పైసలు స్టేజీ మీద ఉంటయ్."

వాడు చెప్పింది కరెక్టే. ఈ రోజుల్లో చిన్న సింగర్ లెక్క ఇదే. స్ట్రీమింగ్‌తో పేరు, స్టేజీతో డబ్బు. బోనాలు, బతుకమ్మ, గణేష్ నవరాత్రులు, పెళ్ళిళ్ళు, కాలేజ్ ఫెస్ట్‌లు. కానీ నేను వాడిని ఇంకో ప్రశ్న అడిగాను. 2020 లాక్‌డౌన్‌లో స్టేజీలు లేవు, అప్పుడు? గొంతు పోతే? అరవై ఏళ్ళకి? వాడు నవ్వి "అప్పుడు నువ్వు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉంటవ్ కదా, పంపియ్" అన్నాడు.

జోక్ అయినా నాకు నవ్వు రాలేదు. "బలగం" (2023) క్లైమాక్స్‌లో కొమురవ్వతో కలిసి పాడిన పస్తం మొగిలయ్య గుర్తొచ్చారు. ఆ పాటకి థియేటర్లలో ఏడవనివాళ్ళు లేరు. అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకున్నారని పేపర్లలో కూడా వచ్చింది. ఇంతకంటే ఇన్‌ఫ్లుయెన్స్ ఏముంటుంది? ఆయన కిడ్నీ జబ్బుతో బాధపడుతుంటే సినిమావాళ్ళు, ప్రభుత్వం సాయం చేశారు. 2024 డిసెంబర్‌లో చనిపోయారు. స్టేజీ డబ్బు ఒంట్లో ఓపిక ఉన్నన్ని రోజులే. రాయల్టీ అనేది మంచం మీద ఉన్నప్పుడు కూడా వచ్చేది. రచయితకైతే చట్టం ప్రకారం చనిపోయాక 60 ఏళ్ళు ఆ హక్కు ఇంట్లోవాళ్ళకి ఉంటుంది. పాటగాళ్ళకి పెన్షన్ అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

మనం చేయగలిగింది

"నువ్వు ఒక ఇంజినీరింగ్ స్టూడెంట్‌వి, స్పాటిఫై ఫార్ములా మారుస్తావా?" అంటారేమో. మార్చలేను. కానీ మన బ్యాచ్‌లోనే పాడేవాళ్ళు, రాసేవాళ్ళు, మిక్సింగ్ చేసేవాళ్ళు, చానల్ నడిపేవాళ్ళు కనీసం ఇరవై మంది ఉన్నారు. వాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు చెప్తాను.

ఒకటి, రికార్డింగ్‌కి ముందే ఒక పేజీ రాసుకోండి. ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఎవరు పాడారు, మాస్టర్ ఎవరిది, డబ్బు వస్తే ఎవరికి ఎంత శాతం. అందరూ సంతకం. ఫ్రెండ్స్ మధ్య పేపర్ ఏంటి అని మొహమాటపడొద్దు. పాట ఫ్లాప్ అయితే ఆ పేపర్‌తో ఎవరికీ పని ఉండదు, హిట్ అయితే ఆ పేపరే మీ ఫ్రెండ్‌షిప్‌ని కాపాడుతుంది.

రెండు, అప్‌లోడ్ చేసేటప్పుడు పేర్ల కాలమ్స్ అన్నీ నింపండి. రచయిత, సంగీతం, గాయకులు, డప్పు వాయించిన అన్నతో సహా. ఇంగ్లీష్ స్పెల్లింగ్ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒక పాటలో ఒక స్పెల్లింగ్, ఇంకో పాటలో ఇంకోటి ఉంటే సిస్టమ్ ఇద్దరు మనుషులు అనుకుంటుంది. మన తెలుగు పేర్లకి ఇది పెద్ద సమస్య.

మూడు, రాసేవాళ్ళు, బాణీ కట్టేవాళ్ళు ఐపీఆర్ఎస్ గురించి, పాడేవాళ్ళు ఇసమ్రా గురించి తెలుసుకోండి. పాట విడుదలయ్యాక కాదు, ముందే. చానల్‌వాళ్ళు "అన్ని హక్కులూ మావే" అని రాసిన కాగితం ఇస్తే కనీసం ఫోటో తీసుకుని ఎవరికైనా చూపించి సంతకం పెట్టండి. జానపదం అయితే ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేరు, ఊరు పేరు డిస్క్రిప్షన్‌లో రాయండి. చట్టం అడగకపోయినా.

నాలుగు, ఇది మన ఫెస్ట్ కమిటీకి. డీజేకి, లైటింగ్‌కి అడ్వాన్స్ ఇస్తాం. ఫోక్ సింగర్‌కి మాత్రం "మంచి ఎక్స్‌పోజర్ వస్తుంది అన్నా" అంటాం. మేడ్చల్ నుంచి ఇంటికి బస్ టికెట్ ఎక్స్‌పోజర్‌తో కొనలేరు. బడ్జెట్ షీట్‌లో సింగర్ అనే లైన్ ముందు రాద్దాం, శాలువా లైన్ తర్వాత రాద్దాం.

మన క్లబ్ ఈ ఏడాది ఉగాదికి సొంతంగా ఒక పాట చేద్దామని మాట్లాడుకుంటోంది. రాసేది మనవాళ్ళే, పాడేది మనవాళ్ళే. వ్యూస్ ఎన్నొస్తాయో తెలీదు, బహుశా మన అమ్మానాన్నలవే సగం ఉంటాయి. అయినా ఆ ఒక పేజీ ఒప్పందం ముందు రాద్దాం. ఫార్మాట్ తెలుగులో నేను టైప్ చేస్తాను, ఏమైనా కలపాలంటే క్లబ్ గ్రూప్‌లో చెప్పండి. యాడ్స్‌తో ఏడాదికి 40 రూపాయలు వచ్చినా సరే, ఎవరి వాటా వాళ్ళకి లెక్క ప్రకారం పంపిద్దాం.